మూడో నెలకే కరాటే మానేయాలనిపిస్తోంది (గాజువాక, విశాఖ)

గాజువాక_వైట్‌బెల్ట్ | ఆగస్టు 19, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. వయసు 33. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, షిఫ్టులు. జూన్ మొదటి వారంలో కరాటేలో చేరాను, షోటోకాన్ పద్ధతి. మా ఏరియాలో ఒక కమ్యూనిటీ హాలు మేడ మీద మంగళ, గురు, శని, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా.

చేరినప్పుడు ఊపు మామూలుగా లేదు. డ్రెస్ కొన్న రోజు అద్దం ముందు ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. మొదటి నెల ఒక్క క్లాసు పోలేదు. రెండో నెలలో సాయంత్రం డ్యూటీ ఉండే బి షిఫ్టు పడి ఒక వారం పోయింది. తర్వాత జ్వరం. తర్వాత శ్రావణమాసం, బావమరిది పెళ్లి. ఆగస్టులో ఇప్పటికి వెళ్లింది రెండే రెండు క్లాసులు.

ఒళ్లు నొప్పులు భరించొచ్చు. భరించలేనిది ఇంకోటుంది. మా బ్యాచ్‌లో పెద్దవాణ్ని నేనొక్కణ్నే, మిగతా అంతా పిల్లలు. నా ఎడమ పక్కన నిలబడే గుంటడికి పదేళ్లుంటాయేమో, ఆరెంజ్ బెల్టు. హెయాన్ షోడాన్ అని మొదటి కటా ఉంది కదా, కటా అంటే వరసగా చేసే కదలికల కూర్పు. మూడుసార్లు పై బ్లాక్ చేస్తూ ముందుకెళ్లి, మూడోదానికి గట్టిగా అరిచి, అక్కణ్నుంచి ఎడమ కాలు వెనక నుంచి తిప్పుకుంటూ ముప్పావు చుట్టు తిరగాలి. నేను ప్రతిసారీ పావు చుట్టే తిరిగి ఆగిపోతాను. అందరూ కుడివైపు తిరిగి ఉంటే నేను ఎడమవైపు తిరిగి ఆ గుంటడి మొహంలో మొహం పెట్టి నిలబడతాను. వాడు నవ్వడు, అదే బాధ. "ఇంకా తిరగాలి అంకుల్" అంటాడు, డ్యూటీలా.

మొన్న గురువారం బండి తీశాను, పాత గాజువాక జంక్షన్ దాకా వెళ్లాను, టీ తాగి, ఎనిమిదింటిదాకా అక్కడే ఫోన్ చూస్తూ కూర్చుని ఇంటికొచ్చేశాను. క్లాసు అయిందా అంటే అయిందన్నాను. డ్రెస్ మీద చెమట చుక్క లేదు. మా ఆవిడ కనిపెట్టే ఉంటుంది, అడగలేదు.

ఇలా ఎవరికైనా జరిగిందా? మానేయమంటారా, లాగమంటారా?

కంచరపాలెం_బాక్సర్ | ఆగస్టు 20, ఉదయం 6:05

తమ్ముడూ, సూటిగా చెప్తాను, ఏమనుకోకు. జ్వరం నిజం, పెళ్లి నిజం, షిఫ్టు నిజం. టీ కొట్టు మాత్రం సాకు. మా జిమ్‌లో మొదటి నాలుగు నెలలూ గ్లవ్స్ ముట్టుకోనివ్వరు. తాడు, స్టెప్పులు, మళ్లీ తాడు. నెలకు ఇరవై మంది వస్తే ఆ తాడు దగ్గరే పదిహేను మంది రాలిపోతారు. బోర్ కొట్టడం కూడా ట్రైనింగే. వెళ్లు, తిరుగు, తప్పు తిరుగు. వెళ్లడం మాత్రం ఆపకు.

ఎంవీపీ_అమ్మ | ఆగస్టు 20, ఉదయం 9:31

బాక్సర్ గారూ, పొద్దున్నే అంత గట్టిగా కొట్టకండి పాపం.

వైట్‌బెల్ట్ గారూ, నేను 38 ఏళ్లకి మా పాపతో పాటు చేరాను. పాపని దించి గంటన్నర మెట్ల మీద కూర్చునేదాన్ని. మా మాస్టారే "ఊరికే కూర్చునే బదులు రండమ్మా" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ బాగానే వచ్చాయి, అరుపే రాలేదు. కియాయ్ అనాలి కదా, నోరు తెరిస్తే గాలి వచ్చేది. చిన్నప్పట్నుంచీ ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడు అని పెంచిన గొంతు. ఎనిమిదేళ్ల పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తుంటే నేను దగ్గుతున్నట్టు ఏదో అనేదాన్ని. ఆ అరుపుకి భయపడే రెండు వారాలు తలనొప్పని చెప్పి ఎగ్గొట్టాను. మీ టీ కొట్టు లాంటిదే నా తలనొప్పి.

ఒక ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్లాం. ఆ టైమ్‌లో బళ్లు ఆపేస్తారు కదా, నడిచేవాళ్లే ఉంటారు. సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక ఇసుకలోకి దిగి, సముద్రం వైపు తిరిగి, పెద్ద కెరటం విరిగినప్పుడల్లా అరిచాను. హోరులో ఎవరికీ వినపడదని ధైర్యం. పదో కెరటానికో ఎప్పటికో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వెనక్కి తిరిగితే వాకింగ్ చేస్తున్న ఒక పెద్దాయన ఆగి చూస్తున్నారు. "ఏమైందమ్మా?" అన్నారు. పాప నవ్వి నవ్వి ఇసుకలో పడింది.

ఇదెందుకు చెప్పానంటే, క్లాసు మొత్తం భయం కాదు మీది. ఆ ఒక్క మలుపు. దాన్ని పిల్లలెవరూ లేనిచోట తిరగండి ముందు.

మానేసినవాడు_భీమిలి | ఆగస్టు 20, మధ్యాహ్నం 1:15

వేరే మాట ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. మానేయొచ్చు. నేను ఏడాదిన్నర టైక్వాండో చేసి మానేశాను. ఆకాశం ఏమీ విరిగిపడలేదు. ఇప్పుడు ఈత కొడతాను, హాయిగా ఉంది. మా దగ్గర ప్రతి మూడు నెలలకీ బెల్ట్ టెస్ట్, ప్రతి టెస్టుకీ ఫీజు, సర్టిఫికెట్‌కి వేరే, కొత్త బెల్టుకి వేరే. వచ్చినా రాకపోయినా అందరూ పాస్. రెండో బెల్టు కట్టుకున్న రోజు నాకే సిగ్గేసింది, కిక్ నడుము దాటి లేవదు, నడుముకి మాత్రం రంగు మారిపోయింది. సంస్థ పేరు చెప్పను, వద్దు.

వైట్‌బెల్ట్ గారికి ఒక ప్రశ్న. కరాటే మీకు ఇష్టమా, కరాటే చేస్తున్నానని చెప్పుకోవడం ఇష్టమా? రెండోదైతే ఇప్పుడే మానేయండి, డబ్బు మిగులుతుంది.

పుస్తకాల_పురుగు | ఆగస్టు 20, మధ్యాహ్నం 2:40

భీమిలి గారు బెల్టుల సంగతి ఎత్తారు కాబట్టి ఒక ముక్క. రంగుల బెల్టులు ఏ సన్యాసులో కొండ మీద కట్టుకున్న ప్రాచీన ఆచారమేమీ కాదు. జూడో మొదలుపెట్టిన కానో జిగోరో 1882లో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపలంత జాగాలో తొమ్మిది మంది శిష్యులతో కొడోకాన్ అనే జూడో బడి తెరిచాడు. నల్ల బెల్టు కొన్నేళ్ల తర్వాత ఆయన తెచ్చిందే. మధ్యలో ఈ పసుపు, నారింజ, ఆకుపచ్చ అంతా 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి అనే ఆయన వల్ల వ్యాపించిందంటారు. కంటికి కనిపించే మెట్టు ఉంటే కొత్తవాళ్లు నిలబడతారని. అంటే మీలాంటి మూడోనెల వాళ్లని దృష్టిలో పెట్టుకుని పుట్టిన రంగులన్నమాట. దాన్ని ఫీజు మిషన్‌గా మార్చడం తర్వాతి తరాల ప్రతిభ.

వయసు సంగతి. షోటోకాన్‌కి మూలపురుషుడు ఫునకోషి గిచిన్ ఒకినావాలో బడిపంతులు. 1922లో టోక్యోకి వెళ్లి కరాటే ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయినప్పుడు ఆయనకి 53 ఏళ్లు. 33 అసలు లెక్కే కాదు.

కంచరపాలెం_బాక్సర్ | ఆగస్టు 20, మధ్యాహ్నం 2:58

పురుగు అన్నా, ఆయన చిన్నప్పట్నుంచీ చేస్తూ 53కి టోక్యో వెళ్లాడు. మనోడు 33కి చేరి 33కే జంక్షన్‌లో టీ తాగుతున్నాడు. ఉదాహరణ అతకలేదు.

పుస్తకాల_పురుగు | ఆగస్టు 20, మధ్యాహ్నం 3:10

ఒప్పుకుంటున్నా. చిన్నప్పుడు రోగిష్టి పిల్లవాడని మాత్రం రాసుకున్నాడాయన. అది అతుకుతుందేమో చూడండి.

మోడరేటర్ | ఆగస్టు 20, మధ్యాహ్నం 3:22

బెల్టుల చరిత్ర మీద వేరే చర్చ నడుస్తోంది, మిగతాది అక్కడ రాసుకోండి. ఇక్కడ ఆయన ప్రశ్న చూద్దాం.

ఉక్కు_రిటైర్డ్ | ఆగస్టు 20, రాత్రి 8:47

బాబూ, స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ల పైన ఏ, బి, సి షిఫ్టులు తిరిగినవాణ్ని. 1991లో ఉక్కునగరంలో మొదలుపెట్టాను. మామూలుగా నాలుగైదేళ్లలో బ్లాక్ బెల్టుకి కూర్చుంటారు. నాకు పదకొండేళ్లు పట్టింది. కాబట్టి నా మాట షిఫ్టు మనిషి మాటగా తీసుకో.

వారానికి మూడు క్లాసులు అనే లెక్క జనరల్ షిఫ్టు వాళ్ల లెక్క. మనం దాన్ని పట్టుకుంటే బి షిఫ్టు వారం రాగానే ఓడిపోయినట్టు ఉంటుంది. సున్నా క్లాసులు కదా. ఒక వారం ఓడిపోయాక రెండో వారం వెళ్లడానికి మొహం చెల్లదు. నేనూ మొదటి ఏడాది ఇలా మూడుసార్లు మానేశాను. మాస్టారు ఏమంటారో అని భయం. నాలుగోసారి నెలన్నర తర్వాత వెళ్తే ఆయన అన్నది ఒకటే మాట: "వెనక వరుస, ఎడమ నుంచి రెండు." నిలబడాల్సిన చోటు చెప్పారంతే. ఎక్కడికి పోయావని అడగలేదు.

అప్పట్నుంచి వారాలు లెక్కపెట్టడం మానేశాను. షిఫ్టు రౌండు లెక్కపెట్టుకున్నాను. మూడు షిఫ్టులూ ఒకసారి తిరిగి వచ్చేలోపు ఇన్ని క్లాసులు అని. బి షిఫ్టు వారంలో క్లాసు లేదు, అది ముందే తెలుసు, దానికి దిగులు లేదు. దాని బదులు పొద్దున పూట వంటింట్లో. మా ఆవిడ పప్పుకి కుక్కర్ పెట్టేది. మొదటి విజిల్‌కి హార్స్ స్టాన్స్‌లో, అంటే గుర్రం మీద ఉన్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచి, కూర్చునేవాణ్ని, మూడో విజిల్‌కి లేచేవాణ్ని. కందిపప్పు కాస్త ముదురైతే తొడలు వణికి చచ్చేవాణ్ని. ఆవిడ కావాలనే మంట తగ్గించేదని రిటైరయ్యాక ఒప్పుకుంది.

రాత్రి డ్యూటీ, అదే సి షిఫ్టు, దిగి వచ్చాక మాత్రం ఏమీ చేయకు. పడుకో. నిద్ర లేని మోకాలు మాట వినదు.

ఫిజియో_మద్దిలపాలెం | ఆగస్టు 20, రాత్రి 10:19

ఉక్కు గారి చివరి మాట బంగారం. నేను ఇంకొంచెం చేరుస్తాను. ఇలా "మనసు రావట్లేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు సంగతి ఎక్కడో నొప్పి. మనసు ఆ నొప్పి నుంచి తప్పించుకోడానికి సాకులు వెతుకుతూ ఉంటుంది.

వైట్‌బెల్ట్ గారూ, ఆ మేడ మీద మీ కాళ్ల కింద ఏముంది? మ్యాట్లా, గచ్చా? గచ్చు మీద వట్టి కాళ్లతో గెంతితే పిక్క ముందువైపు ఎముక వెంబడి నొప్పి వస్తుంది, వేలితో నొక్కితే జివ్వుమంటుంది. అది ఉంటే రెండు వారాలు గెంతులు ఆపి, నిలబడి చేసేవి మాత్రం చేయండి. మాస్టారికి చెప్పండి, దాచుకోకండి. కండరాల నొప్పి వేరు. క్లాసైన మర్నాడు మొదలై రెండో రోజు బాగా పెరిగి, మూడో రోజుకి దిగుతుంది. మెట్లు దిగేటప్పుడు అమ్మో అనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. కీలులో పొడిచినట్టు వచ్చి, వాపు ఉండి, ఒక పక్కే ఉంటే అది చూపించుకోవాల్సిన నొప్పి.

హార్స్ స్టాన్స్‌లో మోకాళ్లు లోపలికి పడనివ్వొద్దు, కాలి వేళ్లు ఎటు చూస్తే మోకాలు అటే చూడాలి. మన ఊరి ఉక్కపోతలో ఆ దళసరి డ్రెస్‌తో గంటన్నర అంటే చెమటతో ఉప్పు బాగా పోతుంది, మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగుతూ ఉండండి, అయిపోయాక ఉప్పు వేసిన పలచని మజ్జిగ. ఫుల్‌గా భోంచేసి వెంటనే వెళ్లొద్దు.

ఇంకోటి, ఎంవీపీ అమ్మ గారి పోస్టు చూసి ఎవరైనా బీచ్‌కి బయల్దేరితే: ప్రాక్టీస్ అయ్యాక చెమట కడుక్కుందామని ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగకండి. లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. అలసిన కాళ్లతో అసలే వద్దు.

గాజువాక_వైట్‌బెల్ట్ | ఆగస్టు 21, అర్ధరాత్రి 12:30

ఇంతమంది రాస్తారనుకోలేదు. ఫిజియో గారూ, గచ్చే. పిక్క ముందు నొక్కి చూశాను, జివ్వుమంది! ఇన్నాళ్లూ నొప్పి అంటే అదే మామూలేమో అనుకున్నాను.

భీమిలి గారి ప్రశ్నకి నిజాయితీగా జవాబు: చేరినప్పుడు రెండోది. స్టేటస్ పెట్టిన మొహం ఇదేగా. కానీ జూలైలో ఒక శనివారం మొదటి కటా ఇరవై ఒక్క కదలికలూ, ఆ మలుపుతో సహా, ఒక్కసారి సరిగ్గా వచ్చింది. ఎలా వచ్చిందో తెలీదు. మొదలుపెట్టిన చోటే వచ్చి ఆగాను. ఆ కటా అలా ముగియాలట, బయల్దేరిన చోటే. కింద చూస్తే గచ్చు మీద నా చెమట మరక మీదే నిలబడి ఉన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది స్టేటస్ పెట్టలేదు.

మానేసినవాడు_భీమిలి | ఆగస్టు 21, ఉదయం 7:50

అయితే నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. నాకు ఏడాదిన్నరలో అలాంటి శనివారం ఒక్కటీ రాలేదు. ఈతలో వచ్చింది.

ఎంవీపీ_అమ్మ | ఆగస్టు 21, ఉదయం 10:02

ఇంట్లో నిజం చెప్పేశారా, టీ సంగతి?

గాజువాక_వైట్‌బెల్ట్ | ఆగస్టు 21, రాత్రి 9:15

చెప్పాను. "తెలుసు. డ్రెస్ ఉతకడానికి తీస్తే ఇస్త్రీ మడత అలాగే ఉంది" అంది. ఆ తర్వాత "బిస్కెట్లైనా తిన్నావా?" అంది.

పుస్తకాల_పురుగు | ఆగస్టు 23, సాయంత్రం 5:44

మోడరేటర్ గారు తిట్టినా ఇది విషయానికి సంబంధించినదే కాబట్టి రాస్తున్నా. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో అచ్చేసిన పరిశోధనలో తేలింది వేరు. ఒక పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18, ఇంకొందరికి 254 పట్టొచ్చని అంచనా. నీళ్లు తాగడం లాంటివి త్వరగా, వ్యాయామం లాంటివి ఆలస్యంగా. నాకు నచ్చింది ఇంకోటి: మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు.

వారానికి మూడు క్లాసులంటే నాకు తోచిన లెక్క ఇది. ఆయన మూడు నెలల్లో వెళ్లింది గట్టిగా ఇరవై రోజులు. ఇంకా మొదట్లోనే ఉన్నాడు, ఊపు పోయింది, అలవాటు రాలేదు. రెంటికీ మధ్య ఇరుక్కున్నాడు. మనిషిలో లోపమేమీ లేదు.

కంచరపాలెం_బాక్సర్ | ఆగస్టు 23, సాయంత్రం 6:20

ఇది మంచి మాట అన్నా. మా జిమ్‌లో తాడు దగ్గర రాలిపోయేవాళ్లు కూడా సరిగ్గా ఆ మధ్యలోనే రాలతారు.

నేను మొదట్లో గట్టిగా రాశాను, నిజమే. నేనూ ఒకసారి పోయినవాణ్నే. ఒక లోకల్ పోటీలో మొదటి రౌండులోనే ముక్కు పగిలింది, ఆర్నెల్లు ఆ వీధిలోకే వెళ్లలేదు. మన విశాఖ అమ్మాయి, బాక్సర్ నగిశెట్టి ఉషకి 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చిందని పేపర్లో చూసిన రోజు కోచ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నాకు తెలీదు, నేను ఆవిడకి తెలీదు. కానీ ఇదే ఊరు, ఇదే ఉక్క, ఇదే ఆట. వెళ్తే కోచ్ నా చేతికి తాడు ఇచ్చాడు. మళ్లీ మొదట్నుంచి.

ఉక్కు_రిటైర్డ్ | ఆగస్టు 24, ఉదయం 5:30

మా తాత విజయనగరం వైపు పల్లెలో తాలింఖానాలో, అంటే ఊరి వ్యాయామశాలలో, కర్రసాము చేసేవాడు. పహిల్వాన్ కోడి రామమూర్తి పేరు చెప్తే మీసం దువ్వే కాలం మనిషి. అక్కడ బెల్టు లేదు, ఫీజు లేదు. పండక్కి ఊరంతా చూస్తుండగా కర్ర తిప్పాలి, అదే పరీక్ష. ఏడాదంతా రాకపోయినా పండక్కి నెల ముందు అందరూ వచ్చేసేవాళ్లట, పరువు కోసం. పరువు కూడా పనికొస్తుంది బాబూ, దాన్నెందుకు వదలడం? ఆ గుంటడి ముందు సిగ్గుపడుతున్నావు కదా, ఆ సిగ్గునే వాడుకో. ఆ మలుపు నేర్పమని వాణ్నే అడుగు.

గాజువాక_వైట్‌బెల్ట్ | సెప్టెంబర్ 9, రాత్రి 10:50

ఉక్కు గారూ, అడిగాను.

రెండు వారాలు గెంతులు మానేసి వెళ్లాను. మాస్టారికి పిక్క నొప్పి చెప్తే, "చేరినప్పుడే అడగాల్సింది, నాదే తప్పు" అని నా వరుసకి పాత మ్యాట్లు రెండు వేయించారు. ఇక ఆ గుంటణ్ని క్లాసు అయ్యాక ఆపి, "బాబూ, ఆ తిరుగుడు ఒకసారి చూపించవా?" అన్నాను. వాడు సీరియస్‌గా బెల్టు బిగించుకుని, నన్ను గోడ వైపు నిలబెట్టి, "అంకుల్, మీరు చేత్తో తిరుగుతున్నారు. ముందు తల తిరగాలి. ఎవరో వెనక నుంచి పిలిచారనుకోండి, ఎడమ భుజం మీంచి చూడండి. చూశాక కాలు అదే వస్తుంది" అన్నాడు. మూడు నెలల్లో ఎవరూ ఇలా చెప్పలేదు. మాస్టారు చెప్పే ఉంటారు, నా బుర్రకెక్కలేదు.

నాలుగుసార్లలో మూడు కుదిరాయి. వాడికి చాక్లెట్ ఇవ్వబోతే "మాస్టారు తిడతారు" అని తీసుకోలేదు, మెట్ల మలుపు దాకా వచ్చాక తీసుకున్నాడు.

షిఫ్టు రౌండు లెక్క మొదలుపెట్టాను. మూడు వారాల రౌండుకి ఐదు క్లాసులు అనుకున్నాను. కుక్కర్ పద్ధతి మా ఇంట్లో కుదరదు, ఇండక్షన్ స్టవ్. దాని మీద టైమర్ ఉంది, అది మంట తగ్గించదు కదా అని సంతోషించాను. మా ఆవిడ నిమిషాలు పెంచుతోంది.

ఉక్కు_రిటైర్డ్ | సెప్టెంబర్ 10, ఉదయం 5:12

కాలం మారినా ఆడవాళ్లు మారలేదు. సంతోషం.

ఎంవీపీ_అమ్మ | సెప్టెంబర్ 10, ఉదయం 11:00

అలా అనకండి ఉక్కు గారూ, ఆవిడ టైమర్ పెంచకపోతే మీకు బ్లాక్ బెల్టు వచ్చేదా?

గాజువాక_వైట్‌బెల్ట్ | అక్టోబర్ 27, రాత్రి 11:20

మధ్యలో రాయలేదు. దసరా, తర్వాత తుపాను హెచ్చరికలు, నాలుగు రోజులు ముసురు, క్లాసు లేదు. డ్రెస్ ఆరక వాసన. ఫ్యాన్ కింద రాత్రంతా వేసినా కాలర్ దగ్గర తడి పోదు. రెండో జత కొనమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, కాబట్టి కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్తున్నాను: వానాకాలం రెండో జత కొనండి.

బెల్ట్ టెస్ట్ తేదీ సరిగ్గా బి షిఫ్టు వారంలో పడింది. మార్పిడికి ఎవరూ దొరకలేదు. నా తర్వాత చేరిన పిల్లలు కూడా ఎల్లో అయ్యారు. నేను ఇంకా వైట్. బాధ లేదంటే అబద్ధం. ఆ సాయంత్రం ప్లాంటులో టీ బ్రేక్‌లో డ్రైయర్ రూమ్ వెనక ఖాళీ జాగాలో బూట్లతోనే కటా చేశాను. సెక్యూరిటీ అతను చూసి, "సార్, తేలుందేటి?" అన్నాడు.

రౌండుకి ఐదు అనుకున్నది మొదటి రౌండులో ఐదు, రెండో దాంట్లో మూడు. మూడే అయినా తర్వాతి మంగళవారం వెళ్లాను. మాస్టారు ఏమీ అనలేదు. వెనక వరుస.

కంచరపాలెం_బాక్సర్ | అక్టోబర్ 28, ఉదయం 6:00

"తేలుందేటి" అన్నందుకు ఆ సెక్యూరిటీ అన్నకి నా తరఫున ఒక టీ. క్లాసు ఎగ్గొట్టకుండా తాగే టీ.

ఫిజియో_మద్దిలపాలెం | అక్టోబర్ 28, ఉదయం 8:33

పిక్క ఎలా ఉంది?

గాజువాక_వైట్‌బెల్ట్ | అక్టోబర్ 28, మధ్యాహ్నం 2:05

నొక్కితే ఏమీ లేదండీ. గెంతులు కొద్దికొద్దిగా మొదలుపెట్టాను.

గాజువాక_వైట్‌బెల్ట్ | నవంబర్ 17, రాత్రి 9:58

ఒక చిన్న సంగతి. దీపావళి నుంచి ఆ గుంటడు రావట్లేదు. మాస్టారిని అడిగితే, ఇంట్లో మాన్పించేశారట, సాయంత్రం ఐఐటీ ఫౌండేషన్ అని ఏదో క్లాసుకి వేశారట. ఆరో తరగతి. నా ఎడమ పక్క ఇప్పుడు ఖాళీ. ఇంకెవరినీ అక్కడ నిలబెట్టలేదు మాస్టారు, లేదా ఎవరూ నిలబడలేదు. మలుపు దగ్గర ఆ వైపు తిరిగితే గోడే కనిపిస్తుంది.

ఇవాళ జనరల్ షిఫ్టు దిగి వస్తుంటే పాత గాజువాకలో కనిపించాడు, బస్టాపులో. వాడి కంటే బ్యాగే పెద్దదిగా ఉంది. నన్ను చూసి, "అంకుల్, తిరుగుడు వచ్చేసిందా?" అన్నాడు. వచ్చేసిందన్నాను. "ఏదీ?" అన్నాడు. నడిరోడ్డు మీద ఎలా చేస్తాంరా అంటే, బ్యాగు దింపకుండానే ఫుట్‌పాత్ మీద ఎడమ భుజం మీంచి వెనక్కి చూసి, గిర్రున తిరిగి, కింది బ్లాక్ పెట్టాడు. బ్యాగు బరువుకి ఒక అడుగు తూలాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాడు.

ఎంవీపీ_అమ్మ | నవంబర్ 17, రాత్రి 10:20

అయ్యో.

ఉక్కు_రిటైర్డ్ | నవంబర్ 18, ఉదయం 5:05

ఇవాళ మంగళవారం. షిఫ్టు ఏంటి?

గాజువాక_వైట్‌బెల్ట్ | నవంబర్ 18, ఉదయం 5:40

జనరలే. బ్యాగు బండికి తగిలించేశాను.